గోడ లోపలిదైనా ఊరి నీరే



మన కడపలో కేంద్ర కారాగారం ఉన్నది. 2015 జూన్‌లో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చిన చిన్న విమానాశ్రయమూ ఉన్నది. రెండూ ప్రజాధనంతో నడిచేవే. గోడ ఉన్నంత మాత్రాన ప్రశ్న ఆగరాదు.

కారాగారం ఒక చిన్న ఊరివంటిది. స్నానపు నీరు, వంటశాల నీరు, మరుగుదొడ్ల నీరు ప్రతిదినం బయటికి రావలసిందే. శుద్ధి చేయక వదిలితే ఏ కారాగారం చుట్టూనైనా మొదట చెడేది దిగువ బస్తీల బావులే. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం 25వ సెక్షను ప్రకారం మురుగునీటి విడుదలకు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తప్పనిసరి. ఆ సమ్మతి పత్రాన్ని, నీటి పరీక్షల నివేదికలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 దినాలు.

విమానాశ్రయం విషయంలో బాధ్యత మనపైనా ఉన్నది. 1937 నాటి విమాన నియమాలలో 91వది 10 కిలోమీటర్ల పరిధిలో అనుమతి లేని జంతువధను, చెత్త పారవేతను నిషేధిస్తుంది. వ్యర్థాలకై మూగే పక్షులు విమానాలను ఢీకొనగలవు. కనుక బక్రీదుకు చాలా ముందే వధకు అనుమతించిన స్థలం, వ్యర్థాల తరలింపు గురించి నగరపాలక సంస్థను వ్రాతపూర్వకంగా అడుగుదాం. నియమం పేరిట మన బస్తీనే వేలెత్తి చూపితే, అది ఊరి చెత్తకుప్పలన్నింటికీ వర్తిస్తుందని గుర్తుచేద్దాం.

దస్త్రాల మధ్య ఉద్యోగజీవితం గడిపినవాడిగా చెబుతున్నాను: నోటిమాట నిలవదు, తేదీ, రశీదు ఉన్న అర్జీ నిలుస్తుంది. లోపలి ఖైదీకి అడగడం సులభం కాదు. అడగవలసినది మనమే.