పాత గ్రాఫిక్స్ కార్డుకు మాన్యువల్ దొరికేదెలా?

పాత సామాన్ల కొట్లో 1990ల నాటి గ్రాఫిక్స్ కార్డు దొరికిందనుకోండి. పెట్టె లేదు, మాన్యువల్ లేదు. వివరాలు పట్టుకోవడం ఎలా?

ముందు కార్డు మీది రాతలు చదవండి. పెద్ద చిప్పు మీద సెంగ్ ల్యాబ్స్ ఇ.టి.4000 అనో, ఎస్3 ట్రయో64 అనో ఉంటుంది. డ్రైవర్లు ఆ పేరుతోనే వెతకాలి. కార్డు చేసిన కంపెనీ వేరే కావచ్చు. దాని ఆచూకీకి ఎఫ్.సి.సి. ఐ.డి. చూడండి. అది అమెరికా ప్రభుత్వ అనుమతి సంఖ్య. ఆ కాలపు సంఖ్యల్లో మొదటి మూడు అక్షరాలు కంపెనీ గుర్తు.

మాన్యువల్ స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్, బిట్‌సేవర్స్ సైట్లలో ఉంటాయి. ఐ.బి.ఎం. అయితే 1981లోనే పీసీ టెక్నికల్ రిఫరెన్స్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల సర్క్యూట్ బొమ్మలతో సహా అచ్చువేసింది.

కార్డు ఇంకా పాతదైతే, దాని మీది స్విచ్‌ల సంగతి తేల్చుకోకుండా మానిటర్ తగిలించకండి. ఎం.డి.ఎ., సి.జి.ఎ., ఇ.జి.ఎ. అనే పాత రకాల కార్డులు మూడింటికీ తొమ్మిది పిన్నుల సాకెట్టే. ఇ.జి.ఎ. కార్డుకు మానిటర్ ఏ రకమో చెప్పేవి దాని మీది చిన్న స్విచ్‌లే. సరిపడని సిగ్నల్ వెళ్తే ఐ.బి.ఎం. 5151 లాంటి మానిటర్ పాడైపోవచ్చు.

మీ దగ్గర అసలు మాన్యువల్ ఉంటే స్కాన్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి. అదే కార్డు చేతికొచ్చినవాళ్లకు వెతుకులాట తప్పుతుంది.