ఇంకా డ్యూటీ దిగని పాత జీపులు: మానేభంజాంగ్ నుంచి సందక్‌ఫూ దాకా

ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "బ్రో, పాత జీపులంటే అంత పిచ్చి అంటావు కదా, అవి ఎక్కడ దొరుకుతాయి? కొనే స్తోమత లేనివాళ్లం ఏం చేయాలి?" అని. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దానికి జవాబే. మాట ముందే చెప్పేస్తా: పాత జీపుని ఎంజాయ్ చేయడానికి కొనక్కర్లేదు. టికెట్ తీసుకుని ఎక్కితే చాలు. ఎక్కడ ఎక్కాలో తెలియాలి, అంతే.

పాత బండ్లు రెండు రకాల చోట్ల కనిపిస్తాయి. ఒకటి ర్యాలీల్లో. తళతళలాడే పెయింటు, పక్కన ఓనరు, "ముట్టుకోవద్దు" అని బోర్డు. అదీ బాగానే ఉంటుంది, తప్పేం లేదు. రెండోది డ్యూటీలో. అంటే ఇప్పటికీ సిలిండర్లు, బియ్యం బస్తాలు, మనుషుల్ని మోస్తున్న బండి. నాకు రెండోదే ఇష్టం. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కదా, మా భాషలో చెప్పాలంటే అది ప్రొడక్షన్‌లో రన్ అవుతున్న లెగసీ కోడ్. రాసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, అయినా రోజూ పని నడుస్తోంది. అదెలా నడుస్తోందో చూడటంలో ఉన్న మజా వేరు.

ముందు కొంచెం చరిత్ర, త్వరగా ముగించేస్తా. జీపు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ ఎంబీ అనే మోడల్ చేసింది. ఒక్క కంపెనీ వల్ల కాక ఫోర్డ్ కూడా అదే డిజైన్‌తో జీపీడబ్ల్యూ పేరుతో చేసింది. రెండూ కలిపి ఆరు లక్షలు దాటాయి. యుద్ధం అయిపోయాక మన దేశంలో మిగిలిన మిలిటరీ బండ్లు వేలంలో జనం చేతికొచ్చాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇక్కడే తయారీ. పాత తెలుగు సినిమాల్లో ఫైట్ మొత్తం అయిపోయాక తీరిగ్గా వచ్చే పోలీసు జీపు ఉంటుంది చూశారా, అది ఈ కుటుంబానిదే.

అటు ఇంగ్లండ్‌లో రోవర్ కంపెనీలో మారిస్ విల్క్స్ అనే ఇంజినీరు తన పొలంలో ఒక విల్లీస్ జీపు వాడేవాడు. అలాంటిదే మనమూ ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. 1947లో చేసిన మొదటి నమూనాకి జీపు ఛాసిస్‌నే వాడారు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ల్యాండ్ రోవర్ బయటికొచ్చింది. అంటే ల్యాండ్ రోవర్ జీపుకి తమ్ముడి వరస అన్నమాట.

ఇప్పుడు అసలు పని. రోడ్డు మీద పాత బండి కనిపిస్తే ఏదో ఎలా గుర్తుపట్టాలి? ముందు గ్రిల్ చూడండి. నిలువు గీతలు తొమ్మిది ఉంటే యుద్ధకాలం బండి, ఏడు ఉంటే తర్వాత వచ్చిన సివిల్ జీపు. బానెట్ మరీ ఎత్తుగా, నుదురు పెద్దదిగా ఉంటే సీజే-3బీ. ఇంజిన్ పొడుగ్గా ఉండటంతో దాని కోసం బానెట్ పైకి లేపాల్సి వచ్చింది. ఇక బోల్టుల తలల మీద చిన్న 'ఎఫ్' అక్షరం కనిపిస్తే అది ఫోర్డ్ చేసిన ముక్క. ఆ కంపెనీ బోల్టులకు కూడా గుర్తు వేసుకుంది మరి.

ల్యాండ్ రోవర్‌కి నా దగ్గర ఒక చిట్కా ఉంది. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. డ్రైవర్ని అడిగి తలుపు మీద పెట్టి చూడండి. అతుక్కోదు! ఎందుకంటే బాడీ అల్యూమినియం. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో స్టీలుకి కరువు, అల్యూమినియం మాత్రం దొరికేది. అలా గత్యంతరం లేక తీసుకున్న నిర్ణయమే ఈ బండికి ఆయుష్షు పోసింది. బాడీ తుప్పు పట్టదు. ఛాసిస్ మాత్రం స్టీలే, తుప్పు బాధ దానికి తప్పదు.

ఈ అయస్కాంతం నేను ఎక్కువసార్లు వాడిన ఊరు మానేభంజాంగ్. డార్జిలింగ్ నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, నేపాల్ సరిహద్దు మీద చిన్న బజారు. రోడ్డుకి ఒక పక్క ఇండియా, ఇంకో పక్క నేపాల్. అక్కడి నుంచి సందక్‌ఫూ శిఖరానికి 31 కిలోమీటర్లు. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో దానికి మించిన ఎత్తు లేదు. ఆ 31 కిలోమీటర్లు మనుషుల్నీ సరుకుల్నీ దశాబ్దాలుగా మోస్తున్నవి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు. ఒకప్పుడు టీ తోటల దొరల దగ్గరుండేవని, వాళ్లు వెళ్లిపోయాక స్థానికులు కొనుక్కున్నారని అక్కడ చెబుతారు. 2018లో ల్యాండ్ రోవర్‌కి 70 ఏళ్లు నిండినప్పుడు ఆ కంపెనీ కూడా ఈ ఊరి మీద చిన్న ఫిల్మ్ తీసింది.

నేను పొద్దున్నే ముందు సీట్లో కూర్చున్నా. డ్రైవర్ వయసు యాభై పైనే ఉంటుంది. అక్కడ పెద్దవాళ్లను "దాజూ" అంటారు, అంటే మన అన్నయ్య. బండిలో రేడియో లేదు, ఏసీ లేదు, సీటు బెల్టు లేదు. ఉన్నవి గేర్ రాడ్డు, దాని పక్కన రెండు లివర్లు. ఒకదాని గుండు పసుపు, ఇంకోదాని గుండు ఎరుపు. పసుపుది నొక్కితే నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది. ఎరుపుది వెనక్కి లాగితే లో రేంజ్, అంటే బండి మనిషి నడక కంటే నెమ్మదిగా కదులుతుంది, కానీ బలం రెట్టింపుకి పైగా వస్తుంది.

చిత్రే, మేఘ్మా, తుమ్లింగ్ దాకా పర్లేదు, చాలా వరకు రోడ్డు వేశారు. తర్వాత అసలు కథ. రోడ్డంటే పేర్చిన బండరాళ్లు. కాలిపోఖ్రి దాటాక హెయిర్‌పిన్ మలుపులు ఎంత ఇరుకంటే, బండి ఒక్కసారిలో తిరగదు. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకి. వెనక్కి వచ్చినప్పుడు వెనక చక్రం అవతల ఏముందో నేను చూడదలుచుకోలేదు. దాజూ మాత్రం ఎరుపు లివర్ లాగి, యాక్సిలరేటర్ మీద పెద్దగా కాలు వేయకుండా ఎక్కించేశాడు. ఇంజిన్ తన మానాన తాను పాక్కుంటూ పోతుంది. పవర్ చూపించడం కాదు, ఓపిక చూపించడం. పైకి చేరేసరికి మూడున్నర గంటలు. మబ్బు తొలిగితే కాంచన్‌జంగ వరస మొత్తం పడుకున్న బుద్ధుడిలా కనిపిస్తుంది. ఎవరెస్ట్, ల్హోత్సే, మకాలు కూడా అక్కడి నుంచే కనిపిస్తాయి.

మధ్యలో టీ కోసం ఆగినప్పుడు అడిగా, "దాజూ, దీని ఇంజిన్ అసలుదేనా?" అని. నవ్వాడు. అసలుది ఎప్పుడో పోయిందట. ఇప్పుడున్నది డీజిల్ ఇంజిన్, వేరే బండిది. స్ప్రింగ్ కట్టలు సిలిగురిలో చేయించినవి. విరిగిన బ్రాకెట్లు ఊళ్లోనే వెల్డింగ్. "భాయీ, బాడీ, ఛాసిస్, పేరు పాతవి. మిగతాది మా కష్టం" అన్నాడు.

ఆ మాట దగ్గరే మనం కొంచెం ఆగాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. మంచిదే. కలెక్టర్లకు, అదే, బండ్లు సేకరించేవాళ్లకు గౌరవం దొరికింది. కానీ రెండు షరతులు చూడండి. ఒకటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రెండు, ఆ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు, దాంతో సంపాదించకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే.

ఇప్పుడు మన దాజూ బండి సంగతి ఆలోచించండి. ఇంజిన్ మార్చకపోతే ఆ కొండ ఎక్కేది కాదు. కొండ ఎక్కకపోతే డబ్బులొచ్చేవి కావు. డబ్బులు రాకపోతే 1980లలోనే తుక్కు కొట్టుకి వెళ్లిపోయేది. అంటే ఏ మార్పు వల్ల అది బతికిందో, ఆ మార్పు వల్లే అది కాగితం మీద వింటేజ్ కాదు. ఒకవేళ అయినా, దాని పని అది చేసుకోవడానికి వీల్లేదు. షెడ్డులో పెట్టి తుడుచుకోవాలి. పెద్ద ఇల్లున్నవాడికి అది కుదురుతుంది, కిరాయి మీద బతికే డ్రైవర్‌కి ఎలా కుదురుతుంది?

అయితే ఒకవైపే మాట్లాడటం నాకిష్టం లేదు. అదే రూట్లో ఇప్పుడు బొలేరోలు ఎక్కువయ్యాయి. దాని గురించి కూడా అడిగా. దాజూ కోపంగా ఏం చెప్పలేదు. పై ఊళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, కడుపుతో ఉన్న మనిషిని దించాలంటే బొలేరోనే నయం అన్నాడు. నిజమే కదా. మన ఫొటోల కోసం వాళ్ల నడుములు విరగాలని కోరుకునే హక్కు మనకు లేదు. నేననేది ఒక్కటే: టూరిస్టు కావాలని అడిగి ఎక్కుతున్నంత కాలం, ఫిట్‌నెస్ పరీక్ష పాసైన పాత బండికి ఆ ఒక్క రూట్లో పనిచేసుకునే దారి ఉండాలి. అది ర్యాలీ బండి కాదు, తుక్కూ కాదు. ఆ మధ్యలో ఉన్నదానికి మన రూల్స్‌లో ఒక పేరు కావాలి.

సరే, మీరు వెళ్లాలనుకుంటే ఎలా? న్యూ జల్పాయ్‌గురి స్టేషన్ దాకా రైలు. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వైజాగ్ మీదుగానే పోతుంది. అక్కడి నుంచి మిరిక్, సుఖియాపోఖ్రి మీదుగా షేర్ బండ్లు మారుతూ మానేభంజాంగ్. రాత్రి అక్కడే పడుకోండి. పొద్దున కౌంటర్లో బండి మాట్లాడుకునేటప్పుడు "ల్యాండ్ రోవరే కావాలి" అని గట్టిగా చెప్పండి, లేకపోతే వంతులో ఉన్న బండి ఇస్తారు. ఐడీ కార్డు తప్పనిసరి, సరిహద్దు కాబట్టి చెకింగ్ ఉంటుంది. దారి సింగలీలా నేషనల్ పార్క్ గుండా పోతుంది, దానికి వేరే టికెట్. జూన్ సగం నుంచి సెప్టెంబర్ సగం దాకా పార్క్ మూసేస్తారు. అక్టోబర్, నవంబర్ బెస్ట్.

అంత దూరం ఇప్పుడే కుదరదు అంటారా? మన బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి జీపులున్నాయి. కర్ణాటకలో కొల్లూరు నుంచి కొడచాద్రికి, కేరళలో సూర్యనెల్లి నుంచి కొలుక్కుమలై టీ తోటకి జీపులే దిక్కు. అన్నీ అంత పాతవి కావు, కానీ రాళ్ల దారిలో జీపంటే ఏంటో అక్కడ అర్థమవుతుంది.

చివరిగా మూడు మాటలు. తలుపు ధడేల్‌మని వేయకండి, ఆ గొళ్లెం వయసు మీ నాన్నగారి వయసంత ఉండొచ్చు. డ్రైవర్ని "అమ్ముతావా, ఎంతకిస్తావు" అని అడగకండి. రోజూ పది మంది అడుగుతారు, అది వాళ్ల అన్నం. బదులుగా "దీన్ని ఎలా కాపాడుతున్నారు" అని అడగండి. టీ చల్లారిపోయేదాకా చెబుతారు.

మీ ఊళ్లో, మీ తాతగారి షెడ్డులో, ఏజెన్సీ సంతలో ఇంకా డ్యూటీ చేస్తున్న పాత జీపు ఉంటే కామెంట్లో పెట్టండి. గ్రిల్ మీద గీతలు ఎన్నో లెక్కపెట్టి మరీ పెట్టండి. అయస్కాంతం పట్టుకుని వచ్చేస్తా. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.