ప్రాణహిత లోయలో కవచధారి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని వుంటారు. ఇవాళ 20 కోట్ల సంవత్సరాల క్రిందటే రిటైరైపోయిన ఒక జీవి గురించి చెప్తాను.

సర్వీసులో వుండగా పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో రెండేళ్ళు జీపులో తిరిగాను. అక్కడి ఎర్రమట్టిని చూశానే గాని అందులో ఏముందో చూడలేదు. ఆ ప్రాణహిత-గోదావరి లోయలో, ధర్మారం శిలల్లో దొరికిన ఎముక పలకలను పరిశీలించి, 2023లో శాస్త్రజ్ఞులు ఒక కొత్త ప్రాణికి 'వెంకటసూకస్ ఆర్మేటమ్' అని పేరు పెట్టారు. ఆర్మేటమ్ అంటే కవచం ధరించినది.

ఇది ఏటోసార్ అనే జాతికి చెందింది. డైనోసార్ కాదు, మొసలి వైపు బంధువు. మీటరు మొదలు నాలుగైదు మీటర్ల దాకా పెరిగేవి. పొట్టి కాళ్ళు, చిన్న తల. చాలావరకు శాకాహారులు. మెడ నుంచి తోక దాకా పెంకుటింటి కప్పులా వరుసలుగా పలకలు. మన అలుగు పొలుసులు గోళ్ళవంటి పదార్థం. వీటివి మాత్రం అసలైన ఎముక. అందుకే ప్రాణి పోయినా పలకలు మిగిలాయి.

ఈ పలకలు మహామహులనే తికమక పెట్టాయి. స్కాట్లండులోని ఎల్గిన్ దగ్గర దొరికిన వాటిని 1844లో అగాసీ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు చేప పొలుసులనుకున్నాడు. తరువాత మరిన్ని ఎముకలు దొరికాయి. 1859లో హక్స్‌లీ అది చేప కాదు, మొసలిని పోలిన సరీసృపమని తేల్చాడు. ఇప్పుడు పలక మీది గుంటలు, గీతల అమరికను బట్టే ఏ రకమో చెప్పగలుగుతున్నారు. మన వెంకటసూకస్‌కు దగ్గరి చుట్టాలు అమెరికాలో, జర్మనీలో దొరికాయి. అప్పట్లో ఖండాలన్నీ ఒకే భూభాగం. సముద్రం దాటే పని లేదు.

ఇంత కవచం వున్నా సుమారు 20 కోట్ల 10 లక్షల ఏళ్ళ క్రిందట ఏటోసార్లన్నీ అంతరించాయి. భారీ అగ్నిపర్వతాలు బద్దలై వాతావరణం మారిపోవటమే కారణమని ఎక్కువమంది అభిప్రాయం. కవచం కోరలను ఆపగలదు గాని గాలి మార్పును ఆపలేదు గదా! కవచం అంతగా లేని బంధువుల సంతతి మాత్రం నేటికీ మొసళ్ళ రూపంలో వుంది.

చివరగా ఒక్క మనవి. మనలో చాలామందికి ఆ వైపు పొలాలు, బంధువులు వున్నారు. దున్నేటప్పుడు గుంటలు, గీతలు వున్న రాతి పలక కనబడితే పగలగొట్టకండి, షోకేసులోకీ తేకండి. దొరికిన చోటు తెలియని ఎముక చిరునామా లేని ఉత్తరం లాంటిది. ఉన్నచోటే ఫోటో తీసి, హైదరాబాదులోని భూవిజ్ఞాన సర్వే కార్యాలయానికి తెలియజేయండి. నేను జీపులో దాటిపోయినదాన్ని మన మనవలైనా ఆగి చూడాలని నా కోరిక.