చేతులతో మాట నేర్పుదాం
(కోడూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనుమరాలికి రెండేళ్ళు. పళ్ళెం కింద పడ్డా పిల్ల తిరిగి చూడటం లేదని కోడలు చెబితే, "మన ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమేనమ్మా" అని ఆరు నెలలు ఆపినవాణ్ణి నేనే. ఆ ఆరు నెలలూ పాపకు ఏ భాషా లేకుండా పోయింది. తరువాత పరీక్షలో వినికిడి లోపమని తేలింది.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ సైగల భాష నేర్చుకుంటున్నాం. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వారి నిఘంటువులో 2021 నాటికే 10 వేల పదాలు చేరాయి. వాటి వీడియోలు సెల్‌ఫోనులో చూడవచ్చును. చదువులో సంజ్ఞా భాష వాడకాన్ని ప్రోత్సహించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతున్నది.

పద్ధతి కష్టమైనది కాదు. ముందు మెల్లగా భుజం తట్టి పిల్ల చూపు మనవైపు తిప్పుకోవాలి. మన ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చోవాలి. పాలు ఇచ్చేటప్పుడే పాల సైగ చూపాలి. విసుగు లేకుండా రోజూ చూపాలి. చెవికి యంత్రం పెట్టినా సైగలు మానక్కరలేదు. సైగలు నేర్పితే మాటలు రావన్నది అపోహ.

బజారులో నలుగురి ముందు చేతులు కదపటానికి మొదట సిగ్గుపడ్డాను. మొన్న పాప తన చిన్న చేతులతో నన్నే పాలు అడిగింది. ఆనాటితో సిగ్గు పోయింది.

పెన్షనుతోపాటు మనకు తీరిక కూడా వచ్చింది. అందులో కొంత ఇలాంటి పసివాళ్ళకు ఇద్దాం.