పలనాటి స్మారకచిహ్నములు - మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పలనాటియందలి స్మారకచిహ్నములను గూర్చియు, వాని చరిత్రను, ఉనికిని గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని యాహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. విషయము పెద్దది, నాకొసంగిన కాలము చిన్నది. అయినను రేపటి దినమున ఈ సభ యెదుటికి రానున్న తీర్మానమొకటి ఈ విషయముతో ముడివడియున్నది గనుక, దానిని మనసునం దుంచుకొనియే మాటలాడెదను. పలనాటి వీరులలో మనవాడని మన మభిమానించు వీరుడొకనికి, మన కులమువారు చందాలు వేసికొని, నరసరావుపేటలో నాలుగు బాటలు గలియుచోట కంచు విగ్రహమును నిలుపవలయునని యా తీర్మానము. దీని వెనుక నున్న కోరిక నే నెరుగుదును. బాటల కూడళ్లలో నితరుల పెద్దలు నిలిచియుండగా మన బిడ్డలు తలయెత్తి చూచుటకు మనవా డొక్కడైన నుండవలదా యని మనలో ననేకులు పరితపించుచున్నారు. ఆ పరితాపమును నేను తేలికగా జూడను. కాని విగ్రహము నెత్తుటకు బూర్వము, మన పెద్దలు స్మారకమన నేమని తలచిరో, వారు నిలిపిన రాళ్ల గతి యేమైనదో యొక్క పరి విచారించుట మంచిది.

మన సీమలో మిక్కిలి ప్రాచీనములైన స్మారకములు మాచెర్లకు పడమట కృష్ణాతీరమున నుండిన విజయపురియందు దొరకినవి. దానినే నేడు నాగార్జునకొండ యనుచున్నాము. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో నది యిక్ష్వాకుల రాజధాని. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కుమారుడు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల చాంతమూలుడు నచ్చట రాజ్యమేలిరి. చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభములను దానము చేసెను. ఆ నగరమున ఛాయాస్తంభములను పేరిట రాతికంబములు బయల్పడినవి. ఛాయాస్తంభ మనగా గతించినవాని రూపమును, పేరును నిలుపు కంబము. చాంతమూల మహారాజు గతించిన పిమ్మట నతని తల్లియు, తోబుట్టువులును, రాణులును గలసి నిలిపిన స్తంభ మందొకటి. అది రాజునకు దగినదే. కాని యా నగరముననే సేనానులకును, యుద్ధమున గూలిన భటులకును, ఒక శిల్పికిని గూడ నట్టి కంబములు గలవు. రాతికంబ మెక్కుటకు రాజు గానక్కరలేదని పదునేడు వందల యేండ్లకు బూర్వమే మన సీమవా రెరిగియుండిరి.

ఇక మన మందరము బాల్యమునుండి విన్న కథకు వత్తము. 12వ శతాబ్ది యుత్తరార్ధమున పలనాటి రాజ్యము దాయాదుల నడుమ రెండుగా జీలినది. గురజాలయందు నలగామరాజు, మాచెర్లయందు మలిదేవరాజు నుండిరి. అచ్చట నాయకురాలు నాగమ్మ, ఇచ్చట బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెము, ఓడినవారి వనవాసము, అలరాజు మరణము, తుదకు కార్యమపూడి కదనరంగము - ఈ కథ మీకు నేను చెప్పనక్కరలేదు. వీరవిద్యావంతులు తరతరములుగా దీనిని బాడుచునే యున్నారు. శ్రీనాథుని పేర నున్న ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో నచ్చువేయించిరి. విద్యావంతులు పాడిన పాఠము నాధారముగా జేసికొని జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు రచించిన యాంగ్లగ్రంథము 1982లో వెలువడినది. కథ పుస్తకములందు భద్రముగనే యున్నది. అది జరిగిన చోటుల మాట యేమి?

ఆ చోటుల నొక్కొక్కటిగా స్మరింతము. మాచెర్లలో చంద్రవంక యొడ్డున చెన్నకేశవస్వామి యాలయమున్నది. చెన్నకేశవుడు బ్రహ్మనాయుని యిలవేల్పు. ఆలయమును గట్టించినది బ్రహ్మనాయుడే యని స్థలపరంపర. మాచెర్లకు తూర్పున నాగులేటి తీరమున కారెంపూడి. అదియే కథలోని కార్యమపూడి. అచ్చట వీరులగుడియు, అంకాలమ్మ గుడియు గలవు. వీరులగుడిలో పోరున నీల్గిన యరువదియార్గురు వీరులు పూజ లందుకొనుచున్నారు. మాచెర్లకు ఈశాన్యదిక్కున గురజాల. పిడుగురాళ్ల ప్రాంతమున గుత్తికొండ బిలము. యుద్ధానంతరము బ్రహ్మనాయు డా బిలమున బ్రవేశించెనని జనులు చెప్పుకొందురు. ఇవి యన్నియు నొక్క దినపు ప్రయాణములో చూడదగిన స్థలములు. మనలో నెందరు తమ బిడ్డలను వెంటబెట్టుకొనిపోయి చూపిరో యెవరికివారే విచారించుకొనుడు.

వీరులగుడిని గూర్చి మరి రెండు మాటలు చెప్పవలయును. ప్రతిసంవత్సరము కార్తికమాసాంతమున నచ్చట ఐదుదినముల యుత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని యా దినములకు పేర్లు. మందపోరునాడు చాపకూడు జరుగును. బ్రహ్మనాయుడు కులభేదము లెంచక యందరిని నొక్క చాపమీద గూర్చుండబెట్టి కుడిపించెనను దానికి గురుతుగా నేటికిని జనులు గలసి భుజింతురు. నానాగ్రామములనుండి యాచారవంతులు తమ వీరుల యాయుధములైన కొణతములను మోసికొనివచ్చి నాగులేటిలో గడిగి గుడికి జేర్తురు. ఎనిమిది వందల యేండ్ల నాటి యుద్ధము ఈనాటికిని నిలిచియుండుటకు రాయి యొక్కటియే కారణము గాదు. ఏటేట నా రాతికడకు వచ్చు జనులు కారణము. పాట కారణము. చాపకూడు కారణము.

మరియు నా వీరులెవరు? మాలకులజుడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా జేకొని సేనానాయకత్వ మొసంగెను. బాలచంద్రునితో గూడి పోరుకు నడచిన తమ్ములలో అనపోతు బ్రాహ్మణుడు. తక్కినవారిలో కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి కులములవారు గలరు. వారు వేరువేరు కులములందు బుట్టిరి గాని యొక్క నేలమీద గూలిరి. వీరులగుడి గొప్పదనమంతయు నందే యున్నది. ఆ పంక్తినుండి యొక్కని నెత్తుకొనివచ్చి, మనవాడని పేరుపెట్టి, యొంటరిగా బాటలమధ్య నిలువబెట్టినచో నతని గౌరవము పెరుగునా, తరుగునా? చాపమీది విస్తరినుండి లేపి వేరుపంక్తిని గూర్చుండబెట్టినట్లు గాదా? సోదరులారా, కోపగింపక యోచింపుడు.

ఇది పురాతనకాలపు మాట మాత్రమే కాదు. మాచెర్ల, కారెంపూడులకు నడుమనున్న దుర్గి ప్రాంతమున మించాలపాడు గ్రామము గలదు. అడవిలో పశువులను మేపుకొనుటకు బ్రిటిషు ప్రభుత్వమువారు విధించిన పుల్లరిని గట్టమని 1921లో పలనాటి రైతులు సత్యాగ్రహమునకు లేచిరి. వారికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకిగుండ్లకు గూలెను. అతని స్మరణమున కన్నిటికంటె దగిన చోటు మించాలపాడు. అచ్చటి పొలిమేరయు, పశువుల బాటయు, అడవి యంచును జూచినవానికి పుల్లరియన నేమో వేరుగ జెప్పనక్కరలేదు. నగరములోని విగ్రహము ముఖమును జూపగలదు; కారణమును జూపజాలదు. స్మారకమునకు చోటు సగము ప్రాణము.

చోటు దప్పిన రాళ్లకు గలుగు దుర్గతికి మన పొరుగుననే రెండు నిదర్శనములున్నవి. మొదటిది అమరావతి మహాచైత్యము. పలనాటి సున్నపురాతితో మలచిన యా ఫలకములు 18వ శతాబ్ది చివరను బయల్పడినవి. 1797లో కర్నలు మెకంజీ వానిని జూచునప్పటికే వాసిరెడ్డి జమీందారుగారి క్రొత్త కట్టడములకు రాళ్లు తరలిపోవుచుండెను. కొన్ని సున్నమునకై కాల్పబడినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించినవి మద్రాసు చేరినవి. వానిలో ననేకము 1859లో లండను నగరమునకు నోడనెక్కినవి. నేడు అమరావతిని జూడగోరువాడు అమరావతి, చెన్నపట్టణము, లండను మూడిటిని జూడవలసియున్నది.

రెండవది నాగార్జునకొండ. 1926లో రంగస్వామి సరస్వతిగారు దానిని కనుగొనిరి. లాంగ్‌హర్స్టు మొదలగువారు త్రవ్వించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. నీట మునుగు లోయను 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండమీదను, అనుపునందును మరల నిలిపిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ నీటితో మన పొలములు పండినవి. ఆ నీటిని మనము నిందింపరాదు. కాని యొక్క సంగతి గమనింపుడు. అచ్చట ప్రతి యిటుకయు నెచ్చట నుండెనో ముందుగా వ్రాసికొని, కొలిచి, పటములు తీసియుంచిరి గనుక, చోటు మునిగినను చరిత్ర మునుగలేదు. అమరావతిలో నట్టి వ్రాత ముందు లేకపోయెను గనుకనే యంత నష్టము వాటిల్లినది. వ్రాసియుంచిన రాయి మునిగినను మిగులును. వ్రాయని రాయి గట్టుననే యుండి నశించును.

ఇక విగ్రహముల మాట. 1986లో హైదరాబాదు ట్యాంకుబండుమీద తెలుగు ప్రముఖుల విగ్రహములు ముప్పదికి పైగా నిలుపబడినవి. వానిలో మన బ్రహ్మనాయుడు గలడు. వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి జాషువయు గలడు. మనకది గర్వకారణమే. కాని 2011 మార్చి 10వ తేదీన ప్రత్యేకరాష్ట్రోద్యమపు టుద్రేకములో నా వరుసలోని విగ్రహము లనేకము విరువబడి కొన్ని సాగరములో బడవేయబడినవి. పిమ్మట వానిని మరల నిలిపిరి. ఎవరిది తప్పని విచారించుట నేటి నా పనిగాదు. ఒక వర్గపు గురుతుగా నిలిచిన విగ్రహము మరియొక వర్గపు కోపమునకు గురియగునని మాత్ర మిందువలన నేర్వవలసియున్నది. అదియు గాక, బాటలమీదను కూడళ్లయందును విగ్రహముల కనుమతి నీయరాదని 2013 జనవరి 18వ తేదీన సుప్రీముకోర్టువారు రాష్ట్రముల నాదేశించిరి. మన తీర్మానమున గోరిన స్థల మట్టిదే యని మరువరాదు.

మరి మన మేమి చేయవలయును? నాలుగు పనులను సభవారి యెదుట నుంచుచున్నాను.

మొదటిది, పట్టిక. పలనాటి గ్రామములలో చెట్లక్రిందను, చెరువుగట్లమీదను, పొలముగట్లయందును వీరగల్లులు, శాసనములు పడియున్నవి. కొన్నిచోట్ల నవి గుమ్మము మెట్లయినవి, చాకిరేవు బండలయినవి. కేంద్రప్రభుత్వపు 1958వ సంవత్సరపు చట్టమును, రాష్ట్రపు 1960వ సంవత్సరపు చట్టమును రక్షితమని ప్రకటింపబడినవానినే గాచును. పట్టికకెక్కని రాతికి గాపు లేదు. మన సంఘమునకు శాఖలున్న ప్రతి గ్రామమునను చదువుకొనిన యువకు లిద్దరు చొప్పున నట్టి రాళ్ల నున్నచోటనే కొలిచి, ఛాయాచిత్రము దీసి, దిక్కును పొలిమేరను వ్రాసి, యొక ప్రతిని పురావస్తుశాఖకు, ఒక ప్రతిని జిల్లా కలెక్టరుగారికి బంపవలయును.

రెండవది, చెరుపకుండుట. భక్తిచే గాని, శుభ్రతకొరకు గాని శాసనములకు సున్నము, రంగు పూయరాదు, సిమెంటులో బాతరాదు. బాట వేయుటకై రాతిని గదల్పక తప్పనిచో, ముందు వ్రాసియుంచి యా గ్రామముననే నిలుపవలయును.

మూడవది, పేరుఫలకములు. దుర్గియందు రాతిపనిలో ప్రసిద్ధికెక్కిన శిల్పులున్నారు. కంచు విగ్రహమునకై కూర్చు ధనములో గొంత వారికిచ్చినచో, మన రాతిమీద మన లిపిలో నా చోట జరిగినదేమో నాలుగు పంక్తులలో జెక్కి యూరూర నిలుపగలరు.

నాలుగవది, పాట. వీరవిద్యావంతుల కుటుంబములకు మన మహాసభ యేటేట సంభావన యొసగి, యొక రాత్రి కథ జెప్పింపవలయును. పాడువారు లేనినాడు వీరులగుడి వట్టి రాళ్ల గుడి యగును.

ఇవి చేసిన పిమ్మట విగ్రహమును నిలుపుదము, నాకభ్యంతరము లేదు. కాని దానిని బాటమీద గాక చట్టమునకు లోబడిన స్థలమున నిలుపుదము. పీఠముమీద మన వీరుని పేరుతో బాటు అతనితో గూలిన తక్కినవారి పేర్లును, వారి కులమేదైనను, చెక్కింతము. అప్పు డా విగ్రహమును జూచి మన బిడ్డయు తలయెత్తును, పొరుగువాని బిడ్డయు తలయెత్తును. విగ్రహమునకు గాపలా యవసరముండదు.

రేపటి తీర్మానమునకు నేను సూచించు సవరణ యిదియే. సభవారు నిదానించి యోచించి, యుచితమని తోచినచో నంగీకరింతురుగాక.