వృత్తి మార్పు – మనోరక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయము స్థాపింపబడి 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను మాటలాడుమని పిలిచినందులకు కృతజ్ఞుడను. ఇట్టి సభలలో గ్రంథముల మహిమను కొనియాడుట పరిపాటి. ఆ పనిని నాకంటె సమర్థులు చేయుదురు. సాయంకాలము ఈ గ్రంథాలయములో కూర్చుండి కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్న మన యువతీయువకులను గూర్చి నేను నాలుగు మాటలు చెప్పదలచితిని. వారిలో కొందరు నిన్న మొన్న కళాశాల విడిచినవారు కారు. ఐదారేండ్లు ప్రైవేటు బడిలో పాఠములు చెప్పినవారు, మందుల దుకాణములో పనిచేసినవారు, సివిల్ ఇంజనీరింగు చదివి కంట్రాక్టరు వద్ద కుదిరినవారు, బిడ్డలు బడికి పోవు వయస్సు వచ్చిన తరువాత మరల పుస్తకము పట్టిన గృహిణులు. వీరందరును సాఫ్ట్‌వేరు వృత్తిలో ప్రవేశింపగోరుచున్నారు. ఏ పాఠము చదువవలెనో చెప్పువారు వీరికి పెక్కుమంది దొరకుచున్నారు. చదువుకాలమున మనస్సును ఎట్లు కాపాడుకొనవలెనో చెప్పువారు మాత్రము అరుదు.

వృత్తి మార్పు మన సీమకు క్రొత్త కాదు. 1876-78 సంవత్సరములలో ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను పీడించినప్పుడు రైతులును చేతిపనివారును కరువు పనులలో మన్ను మోసిరి, కంకర కొట్టిరి. నేటికిని కోసిగి, ఆదోని ప్రాంతములనుండి కుటుంబములు గుంటూరు మిరపకోతలకు తరలిపోవుచున్నవి. కడప జిల్లానుండి వేలాదిమంది కువైటునకు పోయిరి. ఈ వలసలలో కష్టము మిక్కుటము. అయినను మనిషి ఒంటరివాడు కాడు. కూలికి పోవు బండి నిండ ఊరివారే యుందురు. కువైటులో దిగినవానికి ముందుపోయిన బంధువొకడు దారి చూపును. సాఫ్ట్‌వేరు దారి అట్టిది కాదు. హైదరాబాదు అమీర్‌పేటలోనో బెంగుళూరులోనో ఒక హాస్టలు గదిలో, లేదా తన యింటి మిద్దెపై, మనిషి యొక్కడే తెర యెదుట కూర్చుండుచున్నాడు. వాని కష్టము కంటికి కనబడదు. నీడపట్టున కూర్చుండువానికి కష్టమేమి యని ఇంటివారు తలతురు. మనస్సు అలసిపోవుటకు మొదటి కారణము ఆ విద్య కాఠిన్యము కాదు, ఆ ఒంటరితనము.

రెండవ కారణము మానము. నిన్నటివరకు నలువదిమంది పిల్లలకు పాఠము చెప్పినవాడు నేడు తనకంటె పదేండ్లు చిన్నవాని యెదుట శిష్యుడై కూర్చుండవలసి వచ్చును. ఆపైన ఈ విద్య స్వభావ మొకటి కలదు. ఒక్క విరామచిహ్నము తప్పిన చాలును, ప్రోగ్రాము నిలిచిపోవును. తెరపై ఎఱ్ఱని అక్షరములతో తప్పు చూపును. క్రొత్తవాడు దానిని తన తెలివిపై వెలువడిన తీర్పుగా చదువుకొనును. ఇరువదియేండ్ల అనుభవము గలవానికిని దినదినము అట్టి తప్పులు వచ్చుచునే యుండునని వానికి తెలియదు. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గములను చూడుడు. పోగు తెగని మగ్గము లేదు. తెగినప్పుడు నేతగాడు ముడివేసి మరల నేయును గాని నేను నేతగాడను కాను అని లేచిపోడు. తప్పు పనిలో నున్నది, దానిని పనిలోనే సవరింపవలెను, మనస్సులోనికి రానీయకూడదు. నేను చెప్పవచ్చిన ముఖ్యవిషయ మిదియే.

ఇక ఆచరణలోనికి వత్తము.

నిద్రను అమ్ముకొని విద్యను కొనకూడదు. పగలు నేర్చినది జ్ఞాపకములో స్థిరపడుట నిద్రలోనే చాలవరకు జరుగునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. రాత్రి రెండు గంటలవరకు మేలుకొని చదివినవాడు మరునాటికి దానిలో కొంత పోగొట్టుకొనును. చిరాకును మాత్రము మిగుల్చుకొనును. ప్రొద్దున చేనిగట్టున ఒక గంట నడక, వేళకు భోజనము, దినమున కొకసారి చదువు ఊసు లేని మాట ఒక మనిషితో. ఇవి సోమరుల లక్షణములు కావు, ఈ విద్యకు పెట్టుబడి.

అప్పును గూర్చి చెప్పెదను. బంగారము కుదువబెట్టి, నెలవడ్డీకి తెచ్చి, చేతనున్న పనిని ఒక్కసారి విడిచి పోవువారు కలరు. అట్టివాని మనస్సులో పాఠమునకు చోటుండదు. వడ్డీ లెక్కయే నిండియుండును. పాత పనిని వీలైనంతకాలము విడువక, సాయంకాలములందు నేర్చుకొనుట మేలు. విడువవలసివచ్చినచో కనీసము ఆరు నెలల గ్రాసము చేతనుంచుకొనవలెను. ఎంతకాలము ప్రయత్నింతువో, ఎంత వ్యయము చేయుదువో ముందుగానే ఇంటివారితో చెప్పి గడువు పెట్టుకొనుము. గడువు లేని ప్రయత్నము మనిషిని తినివేయును. ఇంట అబద్ధమాడకుము. పని దొరకకున్నను దొరకినదని ఉత్తరము వ్రాసి, ప్రతినెలయు అప్పు తెచ్చి ఇంటికి పంపు యువకులు మన ప్రాంతములో లేకపోలేదు. ఆ భారము ఏ విద్యకంటెను బరువైనది.

లేని అనుభవమును ఉన్నట్లు కాగితములు సృష్టించి ఉద్యోగ మిప్పింతుమని సొమ్ము గుంజువారును కలరు. ధర్మాధర్మముల మాట అటుంచి, మనశ్శాంతి దృష్టితోనే చూడుడు. అట్లు చేరినవాడు ప్రతిదినమును ఏనాడు బయటపడునో యని బెదరుచు పనిచేయవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పి నేర్చుకొను స్వేచ్ఛ వానికి పోవును. ఆ భయముతో పోల్చిన నిరుద్యోగమే మేలు.

ఈ వృత్తిలోను కరువు లున్నవి. 2001లో ఒకటి వచ్చెను, 2008లో ఒకటి, 2022-23 సంవత్సరములలో గొప్ప గొప్ప సంస్థలే వేలమందిని తొలగించెను. అడిగిన ప్రోగ్రామును తామే వ్రాసిపెట్టు యంత్రములు వచ్చిన పిమ్మట, తొలిమెట్టు ఉద్యోగము లెట్లుండునో యన్న కలవరము క్రొత్తవారిలో హెచ్చినది. ఇట్టి సంవత్సరమున పది ఇంటర్వ్యూలు తప్పినవాడు తనను తాను తిట్టుకొనుట న్యాయమా? వాన రాని యేట పంట ఎండిన, మన రైతు సేద్యము రాదని తన్ను తాను నిందించుకొనడు. అతడు వేరుశనగ నడుమ కంది సాళ్ళు వేయును. ఒకటి పోయిన ఒకటి నిలుచునని. మీరును పాత విద్యను పారవేయకుడు. మందుల సంగతి తెలిసినవానికి ఆసుపత్రి ప్రోగ్రాములలోను, లెక్కలు వ్రాసినవానికి బ్యాంకు ప్రోగ్రాములలోను ఆ జ్ఞానము అక్కరకు వచ్చును. ఒకవేళ గడువు తీరి పాత వృత్తికే మరలవలసివచ్చినను అది ఓటమి కాదు.

కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ఇచ్చట స్మరింపవలెను. ఆయన ఎం.ఏ. పట్టా పొంది, రాజమహేంద్రవరములో ఉపాధ్యాయ శిక్షణ పొందుచు వందేమాతరోద్యమములో పాల్గొన్నందున 1907లో కళాశాలనుండి వెడలగొట్టబడిరి. 1908లో స్వరాజ్య పత్రికలోని వ్రాతకు కారాగారము ననుభవించిరి. అనుకొన్న దారి మూసికొనిపోయినది. అటుపిమ్మట గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును ఆయన చేసిన సేవయే నేడు మన మిచ్చట కూడుటకు మూలములలో ఒకటి. ఒక ఉద్యోగము పోయినంతమాత్రమున మనిషి పోడు.

అయితే ధైర్యవచనములతో తీరని స్థితి యొకటి కలదు. రెండు వారములకు మించి దాదాపు ప్రతిదినమును మనస్సు కుంగియుండుట, ఇష్టమైన పనిపైనను రుచి లేకుండుట, నిద్రయు ఆకలియు చెడుట, నేను ఎందుకును కొరగాను అను తలంపు విడువకుండుట—ఇవి సోమరితనము కావు, గ్రహపీడ కాదు. కుంగుబాటు అను వ్యాధి లక్షణములు. జ్వరమునకు మందున్నట్లే దీనికిని చికిత్స కలదు. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలలలో మానసిక వైద్యులు కలరు. మందు వేసిన మరునాడే గుణము కనబడదు. కొన్ని వారములు పట్టును. గుణము కనబడెనని వైద్యు నడుగక మానరాదు. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము టెలీ మానస్ అను సేవ నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను రుసుము లేకుండ ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. చనిపోవలెనన్న తలంపు కలిగినప్పుడు ఒక్కరుగా ఉండకుడు; ఆ క్షణమే దగ్గరివారితో చెప్పుడు, ఆ సంఖ్యకు ఫోను చేయుడు. మానసిక చికిత్స పొందుట పౌరుని హక్కని 2017వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. వైద్యుని వద్దకు పోయినవానిని పిచ్చివాడని పిలుచుట మన అజ్ఞానము.

ఇక ఊరి పెద్దలకు ఒక విన్నపము. రచ్చకట్ట దగ్గర కనబడినప్పుడెల్ల ఉద్యోగము వచ్చినదా యని అడుగుట మానుడు. మీరు ప్రేమతోనే అడుగుదురు. అది వానికి ముల్లువలె తగులును. భోంచేసితివా, ఎట్లున్నావు అని అడుగుడు. గృహిణులు చదువుచున్న ఇండ్లలో మగవారు దినమున కొక గంట పిల్లలను చూచుకొనిన, అది ఆ చదువునకు చేయగల గొప్ప సహాయము.

మన గ్రంథాలయమునకు రెండు సూచనలు చేసి విరమించెదను. వారమున కొక సాయంకాలము ఈ విద్య నేర్చువారందరును ఒక బల్లచుట్టు కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. ఆ వారము ఎవరికి ఏ తప్పు వచ్చినది, ఎట్లు సవరించిరి అని చెప్పుకొందురు గాక. ఒకని తప్పును పదిమంది విన్నప్పుడు దానిలోని సిగ్గు పోయి పాఠము మిగులును. రెండవది, 14416 అను సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి వార్తాపత్రికల బల్లపై గోడకు వ్రేలాడదీయుడు. అడుగుటకు మొగమాటపడువాడు అడుగకయే చూచుకొనును.

గ్రంథాలయము పుస్తకములను కాపాడు చోటు మాత్రమే కాదు. చదువరిని కాపాడు చోటును కావలెను. రాబోవు 25 సంవత్సరములలో ఈ గ్రంథాలయము ఆ పనిని నెరవేర్చుగాక యని కోరుచున్నాను.