దీవులకు దారి



గాల్వే నగరానికి పడమట, ఇన్వెరిన్ అనే కడలి ఒడ్డు గ్రామం దగ్గర చిన్న విమానాశ్రయం ఉంది. 1970లో పుట్టిన ఏర్ ఆరన్ సంస్థ, తొమ్మిదిమంది పట్టే విమానాలను ప్రభుత్వ సహాయంతో ఎదుటనున్న మూడు ఆరన్ దీవులకు నడిపింది. ప్రయాణం పది నిముషాలలోపే.

సముద్రం పొంగి పడవలాగితే రోగికీ, ఉత్తరానికీ అదే దారి. గోదావరి వరదలో పడవ కట్టేస్తే లంకల్లో రోగి గతేమిటో కోనసీమవారికి వేరే చెప్పాలా?

2015లో వీటికి బదులు గాల్వే అవతలినుంచి హెలికాప్టర్లు నడపాలన్నారు. దీవులవారు గట్టిగా ఎదిరించారు. ఆ యోచన ఆగిపోయింది.

అక్కడి ఇంటి భాష ఐరిష్. దారి ఉంటేనే పిల్లలు ఊళ్ళో ఉంటారు. పిల్లలుంటేనే భాష నిలుస్తుంది. టిక్కెట్ల లెక్క చూసేవారు ఈ లెక్క కూడా చూడాలి. తెలుగు నిలవాలని సంఘం పెట్టుకున్న మనకీ సంగతి కొత్తది కాదు.